కుడివైపు కట్టిన తీగ

మా షాపులో మౌసు తీగకు తాడు కట్టింది నేనే. ఈ నేరాన్ని ఇంకెవరి మీదకైనా తోసి కథ చెప్పవచ్చేమోనని చాలా రోజులు చూశాను, కుదరలేదు. శుభలేఖల కట్టలకు చుట్టే పురికొస తీసుకుని, మౌసు తీగను టేబుల్ కుడికాలికి రెండు చుట్లు చుట్టి, ముడి మీద ముడి బిగించాను. లాగి చూశాను. మౌసు ఇక కీబోర్డు దాటి ఎడమవైపుకు రాదు. సిద్ధమ్మ పక్కనే నిలబడి చూసింది. నేను లేచి చేతులు దులుపుకున్నాక వచ్చి కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి మౌసు మీద పెట్టి పని మొదలుపెట్టింది.

ఆ చెయ్యి ఏమైపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు గిరిప్రసాద్. తిరుపతిలో గాంధీరోడ్డుకు ఆనుకున్న ఒక సందులో, మేడ మీద గదిలో, పద్నాలుగేళ్లు డీటీపీ షాపు నడిపాను. కంప్యూటర్లో అక్షరాలు కూర్చి, బొమ్మలు వేసి, ప్రెస్సుకు పంపించే పని. పాంప్లెట్లు, బిల్లుబుక్కులు అన్నీ చేసేవాళ్లం కానీ మాకు అన్నం పెట్టింది మాత్రం పెళ్లి పత్రికలే. మా జిల్లాలో శుభలేఖ అని రాస్తారు, పత్రిక అని పిలుస్తారు. పత్రిక అంటే కాగితం కాదు, పెళ్లిలో మొదటి పని. అచ్చు కాకముందే నాలుగు మూలలకూ పసుపు రాసుకుని పోయి దేవుడి ముందు పెట్టే మనుషులు మా గిరాకీ. ఒక పత్రికలో ఇరవై ఏడు మంది చుట్టాల పేర్లు ఇరికించమని అడిగి, ఇరవై ఎనిమిదో పేరు మరిచిపోయామని ఆఖరి నిమిషంలో మెట్లెక్కి వచ్చేవాళ్లు కూడా వాళ్లే. వాళ్లను ఎంత తిట్టుకున్నానో అంతకు రెండింతలు దండాలు పెట్టాను.

సిద్ధమ్మ మా షాపుకు వచ్చింది తొంభై ఆరులో. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. వడమాలపేట మనిషి. తండ్రి గోవిందయ్య చెరుకు తోటల్లో కూలికి పోయేవాడు, ఆమె తెలుగు టైపు నేర్చుకుంటున్న రోజుల్లోనే పోయాడు. ఇంట్లో తల్లి ఆనందమ్మ, తను. పొద్దున బస్సులో నిలబడి వచ్చేది, సాయంత్రం బస్సులో నిలబడి పోయేది. తల దువ్వుకునే తీరులోనే మనిషి తెలిసిపోయేది. ఒక్క వెంట్రుక కూడా పక్కకు పోని జడ.

మొదటి వారంలోనే నాతో తగువు పెట్టుకుంది. కంప్యూటర్లో తయారుగా ఉండే ‘శ్రీ’ అక్షరం ఆమెకు నచ్చలేదు.

“ఈ శ్రీ సూడన్నా, కడుపు నిండా తిని కదల్లేకుండా కూసోనున్నట్టు ఉండాది. దీన్ని పత్రిక మీద ఎట్ల పెడతాం?”

“అందరూ అదే పెడతా ఉండారు గదమ్మా.”

“అందరూ పెడితే మనమూ పెట్టాలనా?”

రెండు రోజులు కూర్చుని మౌసుతోనే తన శ్రీని గీసింది. మౌసుతో గీయడమంటే కలంతో గీసినట్టు కాదు. వంపు తిరిగే ప్రతిచోటా ఒక చుక్క పెట్టాలి, ఆ చుక్కను పట్టుకుని లాగాలి, వదలాలి, మళ్లీ పట్టుకోవాలి. వేలు నొక్కి పెట్టి ఉంచడం, చెయ్యి వెంట్రుకవాసి జరపడం. అట్లా ఒక అక్షరానికి వందలసార్లు. అయ్యాక తెర మీద చూస్తే, పెళ్లికూతురు తల వంచుకుని కూర్చున్నట్టు ఉంది ఆ శ్రీ.

తర్వాత ప్రతి పత్రికకూ ఒక కొత్త శ్రీ. ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో నెమలి మెడ, ఒకదాంట్లో అరటి గెల. పాకాల నుంచి, చంద్రగిరి నుంచి, పుత్తూరు నుంచి జనం వచ్చి, “శ్రీకారం సుట్టే పాప ఉండాదా?” అని అడిగేవాళ్లు. నా షాపు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. నాకు కొంచెం కుళ్లుగా కూడా ఉండేది. ఆ చెయ్యి ఉన్నంతవరకూ ఆమెకు జీతముంది, తల్లికి అన్నముంది, నలుగురిలో ఒక పేరుంది. అది పోతే ఏమీ లేదు. ఈ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

తొంభై తొమ్మిదిలో, మాఘమాసం ముహూర్తాల రద్దీలో, మొదటిసారి చెప్పింది.

“చెయ్యి తిమ్మిరెక్కతా ఉండాదన్నా. వేళ్లల్లో సూదులు పొడిచినట్ల.”

“చెయ్యి తల కింద పెట్టుకోని పడుకోనింటావు,” అన్నాను. అంతటితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

అసలు తప్పు మా టేబుల్‌లోనే ఉంది. దాన్ని నేనే దగ్గరుండి వడ్రంగితో చేయించాను. కీబోర్డుకు కింద ఒక సొరుగు పెట్టించాను. సొరుగులో మౌసుకు చోటు చాలలేదు, అందుకని మౌసు పైన టేబుల్ మీద ఉండేది. ఎడమచెయ్యి కింద, కుడిచెయ్యి పైన. రోజంతా ఆమె కుడిభుజం పైకి లేచే ఉండేది. ఊళ్లో అందరి టేబుళ్లూ అట్లాగే ఉండేవి కాబట్టి అది తప్పని నాకు తోచలేదు.

ఆ రోజుల్లో మౌసు కడుపులో రబ్బరు బంతి ఉండేది. దుమ్ము పట్టి అది కదిలేది కాదు, గట్టిగా అదిమి తోయాల్సి వచ్చేది. నొప్పికి కారణం దుమ్మేనని తేల్చేశాను. సిద్ధమ్మ రోజూ పొద్దున బంతిని తీసి సబ్బునీళ్లతో కడిగి, లోపలి చక్రాల మీద మురికిని గోటితో గీకి మళ్లీ పెట్టేది. నొప్పి తగ్గలేదు. ఆడవాళ్ల చేతికి చిన్న మౌసు బాగుంటుందని అంగట్లో ఎవరో చెబితే గుప్పెట్లో పట్టేంత మౌసు తెచ్చాను. దాన్ని పట్టుకోవడానికి ఐదు వేళ్లూ ముడుచుకుని ఉంచాల్సి వచ్చింది, నొప్పి మోచేతికి పాకింది. తర్వాత మణికట్టు కింద మెత్త ఉండే రబ్బరు చాప తెచ్చాను. మెత్తగా ఉంది కదా అని ఆమె మణికట్టును దాని మీదే ఆనించి పనిచేసింది, సరిగ్గా నరం నలిగే చోట. తెచ్చిన ప్రతిసారీ, “ఇది బెంగళూరులో వాడతారు, మద్రాసులో వాడతారు,” అని గొప్పలు చెప్పుకున్నది మాత్రం నేను. పుచ్చుకున్న ప్రతిసారీ “మంచిదన్నా” అన్నది ఆమె. ఇవన్నీ ఆమె చెయ్యి పట్టుకుని చూడకుండానే, ఆమెను అడక్కుండానే కొన్నాను.

తల్లి ఆమెను పుత్తూరుకు తీసుకుపోయింది. ఎముకలు విరిగితే కట్టు కట్టే ఊరు అది, మా వైపు ఏ చెయ్యి నొప్పెట్టినా కాళ్లు ముందు అటే పోతాయి. అక్కడి పెద్దాయన మణికట్టు ఒత్తి చూసి, “ఎముకకు ఏమీ కాలేదమ్మా, ఇది కట్టుకు లొంగేది కాదు, నరాల డాక్టరుకు సూపించు,” అని పంపించేశాడు. మరుసటి రోజు షాపుకు వచ్చి ఆ మాటే చెప్పింది సిద్ధమ్మ. మణికట్టు పట్టుకుని చూసుకుంటూ,

“కట్టు కట్టింటే బాగుండునన్నా,” అంది.

“అవసరం లేదన్నారు గదా?”

“అందుకు గాదు. కట్టుంటే అందరికీ కనబడతాది. ఇప్పుడు నేను నొప్పంటే బస్సులో కండక్టరు కూడా నమ్మడు.”

బస్సులో కండక్టరు అన్నదే గానీ ఆమె నన్నే అన్నదని నాకు అర్థమైంది. కోపం వచ్చింది. ఇంకో బిల్లుబుక్కు పని ఆమె ముందు పెట్టాను.

ఆఖరికి ఆమె తనంతట తనే ఆసుపత్రికి పోయింది. నరాల డాక్టరు రాసిచ్చిన చీటీతో, చేతులకు కాళ్లకు కసరత్తులు చేయించే రెబెకా అనే ఆమె దగ్గరకు చేరింది. ఈ రెబెకా నోరు మంచిది కాదు, మనసు మంచిది. సిద్ధమ్మ చెప్పిందంతా విని, ఒక సాయంత్రం నేరుగా మా షాపుకు వచ్చింది. నా టేబుల్ చూసింది, నన్ను చూసింది.

“ఈ టేబుల్ ఎవురు చేయించినారు?”

“నేనే.”

“నువ్వు ఒక రోజు దీని ముందర కూసోని పని చెయ్యప్పా, తెలస్తాది.”

సొరుగు పీకించేసింది. కీబోర్డు, మౌసు రెండూ ఒక ఎత్తులో, పక్కపక్కనే ఉండాలని చెప్పింది. అరగంటకోసారి లేవమంది. అన్నిటికంటే ముఖ్యంగా, కుడిచేతికి ఆరు నెలలు మౌసు చూపించవద్దంది.

“ఎడంచేత్తో నేర్చుకో సిద్ధమ్మా. మూడు వారాలు యాతన పడతావు, ఆమీట వచ్చేస్తాది. ఆ చేతికి రెస్టు లేకపోతే నరం సచ్చిపోతాది, నేను ఊరికే భయపెట్టేదానికి చెప్పడంలా.”

ఆ మూడు వారాలు చూడటానికే కష్టంగా ఉండేది. తెర మీద బాణం గుర్తు తాగినవాడిలా తూలేది. ఎడమచేత్తో వేసిన మొదటి శ్రీ చూసి సిద్ధమ్మే నవ్వింది. “దీనికి పచ్చవాతం వచ్చినాది,” అంది. కానీ పట్టు వదల్లేదు. నాలుగో వారానికి చెయ్యి కుదిరింది. రెండో నెలకు కుడిచేత్తో వేసినదానికీ ఎడమచేత్తో వేసినదానికీ తేడా నేను కూడా కనిపెట్టలేకపోయాను. కుడిచేతి వేళ్లకు స్పర్శ తిరిగి వచ్చింది. రెండు వేల సంవత్సరం వేసవిలో ఆమె ముఖం తేటగా ఉండేది. ఆ ఐదారు నెలలే మా షాపులో ఆమె బాగున్న కాలం. అది అట్లాగే సాగి ఉంటే ఈ రాతతో పని లేదు.

ఐరాల నుంచి రుక్మిణమ్మ వచ్చింది. పొలం పుట్రా ఉన్న ఇంటి పెద్దావిడ, మనవడి పెళ్లి పత్రిక కోసం ఆమే స్వయంగా బస్సెక్కి వచ్చింది. మా దగ్గర గిరాకీ ఆపరేటరు వెనక కుర్చీ వేసుకుని కూర్చుని తెర చూస్తూ పేర్లు చెబుతుంటారు. ఆమె కూడా అట్లాగే కూర్చుంది. సిద్ధమ్మ శ్రీకారం చుడుతోంది. ఉన్నట్టుండి రుక్మిణమ్మ చూపు ఆమె చేతి మీద పడింది.

“ఏమే అమ్మీ, నువ్వు ఎడంచేతి వాటమా?”

“లేదు పెద్దమ్మా. కుడిచెయ్యి బాగలేదు, డాక్టరమ్మ ఎడంచేత్తో చెయ్యమనింది.”

“బాగలేకపోతే ఇంకొకరు చెయ్యాల. ఇంట్లో మొదటి పెండ్లి. శ్రీకారం ఎడంచేత్తో సుడతారా యాడన్నా?” అని నా వైపు తిరిగింది. “ఏమప్పా, ఆ బిడ్డంటే చిన్నది. నీకన్నా తెలియదా?”

చెప్పడానికి నా దగ్గర మాటలు ఉన్నాయి. ఇది రాయడం కాదమ్మా, యంత్రం, ఏ చెయ్యి తిప్పినా గీత ఒకటే అని చెప్పవచ్చు. డాక్టరు చీటీ చూపించవచ్చు. ఆమె రాక్షసి కాదు, నచ్చజెప్తే వినేదేమో. నేను నచ్చజెప్పలేదు.

“కుడిచేత్తో వెయ్యి సిద్ధమ్మా,” అన్నాను.

“వేసిందంతా చెరిపేసి మొదట్నించీ వెయ్యమను,” అంది రుక్మిణమ్మ.

సిద్ధమ్మ చెరిపేసింది. మౌసును కుడివైపుకు మార్చుకుని మళ్లీ అదే శ్రీని, అదే వంపులతో, చుక్క చుక్కా పెట్టుకుంటూ గీసింది. గంటన్నర పట్టింది. ఆమె మెడ మీద చెమట కారడం వెనక కూర్చున్న మా ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. అయ్యాక చూస్తే చెరిపేసినదానికీ దీనికీ గోరంత తేడా లేదు. రుక్మిణమ్మ కళ్లకద్దుకుంది.

ఆమె మెట్లు దిగాక సిద్ధమ్మ అడిగింది. “ఎవురూ లేనప్పుడు ఎడంచేత్తో చేసుకుంటానన్నా.”

“చేసుకో. అయితే తలుపు దిక్కు ఒక కన్నేసి పెట్టు. ఎవురన్నా సూస్తారు.”

ఆ మాట నాకు అలవాటైపోయింది. రోజుకు పదిసార్లు అనేవాణ్ని. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆమె దొంగతనం చేస్తున్నదానిలా మౌసును ఎడమ నుంచి కుడికి జరుపుకునేది. ప్రెస్సువాడైనా, టీ తెచ్చేవాడైనా అంతే. ఊళ్లో ఎవరికీ ఏ హానీ చెయ్యని మనిషికి దాక్కోవడం నేర్పించాను.

రెండు నెలల తర్వాత రుక్మిణమ్మ మళ్లీ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, అందులో అచ్చయిన పత్రికలు. పెళ్లికి వారం ముందు ఇంట్లో పెద్దాయన పోయాడు. మైల, ముహూర్తం దాటిపోయింది. ఈలోగా పిల్ల తరఫువాళ్లు మనసు మార్చుకున్నారు. ఆమె అరవలేదు, తిట్టలేదు. కుర్చీలో కూర్చుని ఏడ్చింది.

“కుడిచేత్తో మళ్లా వేయించినాను గానీ, మొదట పడింది ఎడంచెయ్యే గదప్పా,” అంది. సంచి టేబుల్ మీద పెట్టి పోయింది.

సిద్ధమ్మ ఆ సంచి వైపు చూస్తూ కూర్చుంది. “నిజంగా నా చేతి వల్లనేనంటావా అన్నా?” అని అడిగింది. ఛ, అదేం మాట అనాలి కదా, మనిషన్నవాడు? నేను లెక్కలు వేసుకుంటున్నాను. ఈ మాట ఐరాల దాటి కాణిపాకం, పూతలపట్టు, పాకాల పోతే షాపు ఏమవుతుందోనని. ఆ మాట పోనే పోయింది. కొత్తగా వచ్చేవాళ్లు లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి, “ఈడ పత్రిక ఎడంచేత్తో ఏస్తారంట గదా?” అని అడిగారు. ఒకాయన మెట్లెక్కి, తలుపులోంచి తొంగిచూసి, సిద్ధమ్మ ఎడమచెయ్యి మౌసు మీద ఉండటం చూసి, వెనక్కి దిగిపోయాడు. ఆ సాయంత్రమే మౌసు తీగకు పురికొస బిగించాను.

నాకు పాపభీతి లేదనుకోవద్దు. ఉంది, అయితే అది నా షాపుకు నష్టం లేని చోట మాత్రమే పనిచేసేది. ఆమెకు ఇంకేదైనా మంచి పరికరం తెచ్చిపెడదామని రెబెకా దగ్గరకు పోయాను. ఎడమచెయ్యి మాన్పించిన మాట, తాడు మాట చెప్పలేదు. ఆమె ఒక చీటీ రాసిచ్చింది. మౌసు కాకుండా ఇంకో రకం ఉంది, బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది, దాని నడినెత్తిన ఒక పెద్ద బంతి ఉంటుంది, వేళ్లతో ఆ బంతిని దొర్లిస్తే చాలు, చెయ్యి జరపనక్కర్లేదు అని వివరించింది. చీటీ మీద తెలుగులోనే రాసింది: ‘బంతి మధ్యలో ఉండవలెను. ఏ చేతికైనా సరిపోవలెను.’ రెండో వాక్యం కింద గీత గీసింది.

మద్రాసు పోయాను. రిచీ వీధిలో అంగడి అంగడీ తిరిగాను. ఒకచోట రెండు రకాలు తీసి ముందు పెట్టారు. ఒకటి అచ్చంగా రెబెకా చెప్పినది. బంతి మధ్యలో, ఏ చెయ్యైనా పెట్టవచ్చు. రెండోది కుడిచేతికి మాత్రమే ఒదిగేలా వంపు చేసినది, బంతి పక్కన, బొటనవేలి కింద. ఎడమచెయ్యి దాని మీద పెట్టినా పట్టు దొరకదు. చీటీ నా జేబులోనే ఉంది. తీసి ఒకసారి చదువుకున్నాను కూడా. మధ్యలో బంతి ఉండేది కొంటే ఆమె ఎప్పుడో ఒకప్పుడు ఎడమచెయ్యి పెడుతుంది, ఎవడో ఒకడు చూస్తాడు. రెండోదానితో ఆ భయం లేదు. తాడు కూడా అక్కర్లేదు. అదే కొన్నాను.

సిద్ధమ్మ దాన్ని పసిబిడ్డను అందుకున్నట్టు రెండు చేతులా అందుకుంది. “నా కోసరం మద్రాసు పోయినావా అన్నా,” అంది. మణికట్టు నొప్పి నెల రోజులు తగ్గింది కూడా. ఆ తర్వాత బొటనవేలు మొదలైంది. రోజుకు కొన్ని వేలసార్లు ఒక్క వేలే బంతిని తిప్పాలి, చుక్కలను లాగేటప్పుడు అదే వేలు ఆపి పట్టుకోవాలి. నాలుగో నెలకు వేలి మొదలు దగ్గర వాచింది. చున్నీ పిన్ను పెట్టుకోలేకపోయేది. నీళ్ల చెంబు జారిపోయేది. రెబెకా ఆ పరికరాన్ని చూడటానికి షాపుకు వచ్చింది.

“నేను రాసిచ్చింది ఇది గాదే!”

“ఆ రకం దొరకలేదమ్మా,” అన్నాను. “ఎన్ని అంగళ్లు తిరిగినానో.”

“పాపం, అన్న ఎండల్లో తిరిగినాడు,” అంది సిద్ధమ్మ, నన్ను వెనకేసుకొస్తూ.

ఇప్పటిదాకా ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

ఇంకో ఏడాదిన్నర లాగింది. ఎట్లా లాగిందో నాకు తెలుసు. పొద్దున వేన్నీళ్ల ఫ్లాస్కు తెచ్చుకుని వేళ్లు తడుపుకుంటే తప్ప పని మొదలయ్యేది కాదు. మధ్యాహ్నానికి భుజం పట్టేసేది. కొత్త శ్రీలు వేయడం మానేసి పాతవాటినే అటూ ఇటూ మార్చి పెట్టేది. గిరాకీ కనిపెట్టలేదు, నేను కనిపెట్టాను. ఆమె జడ ఎప్పటిలాగే నున్నగా ఉండేది. చెయ్యి బాగానే ఉందేమోనని దాన్ని చూసి నన్ను నేను నమ్మించుకునేవాణ్ని. ఒకరోజు ఏదో కాగితం ఇవ్వడానికి వడమాలపేటలో వాళ్ల ఇంటికి పొద్దున్నే పోతే, ముప్పై రెండేళ్ల సిద్ధమ్మ గడప మీద కూర్చుని ఉంది, వెనక ఆనందమ్మ జడ వేస్తోంది. నన్ను చూసి సిద్ధమ్మ తల దించుకుంది.

“సెయ్యి పైకి లేయదు నాయనా,” అంది ఆనందమ్మ. “రెండేండ్లాయ, నేనే ఏస్తా ఉండా.”

రెండు వేల మూడు జూన్‌లో, ఒక పత్రిక మధ్యలో, ఆమె చెయ్యి ఆ పరికరం మీద నుంచి కిందికి జారి ఒళ్లో పడింది. తనే ఎడమచేత్తో దాన్ని ఎత్తి మళ్లీ పైన పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి పెట్టలేదు. తెర మీద శ్రీకారం సగం చుట్టి ఉంది. ఫైలు దాచి, కంప్యూటరు ఆపి, క్యారియర్ సంచిలో పెట్టుకుని, “ఇంక నా వల్ల గాదన్నా,” అంది. ఆలస్యమైందని, ఇక ఆపరేషన్ చేసినా లాభం లేదని తర్వాత డాక్టర్లు చెప్పారట. నరం చాలావరకు చచ్చిపోయింది. బొటనవేలి కింద కండ కరిగి గుంట పడింది.

ఆ సగం శ్రీని కొత్త ఆపరేటరు చెరిపేసి, కంప్యూటర్లో తయారుగా ఉన్నదే పెట్టాడు. కడుపు నిండా తిన్న శ్రీ. గిరాకీ ఎవరూ ఏమీ అనలేదు. ఏ చేత్తో పెట్టావని కూడా అడగలేదు.

తర్వాత ఆమె వడమాలపేటలోనే బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో కూర్చునేది. ఎడమచేతి చూపుడువేలితో నంబర్లు నొక్కి ఇచ్చేది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజులు, బూత్‌కు వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు. రెండు వేల ఐదులో పనిమీద మద్రాసు పోయినప్పుడు, అదే వీధిలో, మధ్యలో బంతి ఉన్న ఆ రకం కనిపించింది. కొన్నాను. ఎందుకు కొన్నానో అడగవద్దు. వాళ్ల ఇంటికి తీసుకుపోయి ఆమె ముందు పెట్టాను.

పెట్టె విప్పి చూసింది. ఎడమ అరచెయ్యి దాని మీద పెట్టి, వేళ్లతో బంతిని నెమ్మదిగా దొర్లించింది. చెయ్యి సరిగ్గా ఒదిగింది. ముఖం వెలిగిపోయింది.

“ఇన్నాళ్లకు దొరికిందా అన్నా!”

అవునన్నాను.

“ఎంత సులువుగా తిరగతా ఉండాదో సూడు. ఇది అప్పుడే దొరికింటే...” అంది. కాసేపు బంతిని తిప్పుతూనే ఉంది. తీగ కొస ఒళ్లో వేలాడుతోంది, తగిలించడానికి ఆ ఇంట్లోనూ ఆ బూత్‌లోనూ కంప్యూటరు లేదు. “దీన్నిప్పుడు నేనేం జేసుకోను? షాపులో పెట్టుకోన్నా, వచ్చే పిల్లోల్లకు పనికొస్తాది,” అని పెట్టెలో పెట్టి నా చేతికే ఇచ్చింది. ఆ రోజు నిజం చెప్పడానికే పోయాను. చెప్పకుండా బస్సెక్కాను.

మరుసటి ఏడు మా అమ్మాయి జాహ్నవి పెళ్లి. సిద్ధమ్మను అత్తా అని పిలుస్తూ పెరిగిన పిల్ల. పత్రిక కొత్త ఆపరేటరు వేశాడు, బాగానే ఉంది, ఏ పత్రికైనా అట్లాగే ఉంటుంది. సిద్ధమ్మకు నేనే పోయి ఇచ్చి వచ్చాను. తల్లిని వెంటబెట్టుకుని పెళ్లికి వచ్చింది. పట్టుచీర, నున్నటి జడ. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

తాళి కట్టే వేళ అందరికీ అక్షింతలు పంచారు. మేళం జోరందుకుంది, జనమంతా లేచి పిల్లల నెత్తిన అక్షింతలు వేస్తున్నారు. కన్యాదానం అయిన తండ్రిని, పీటల పక్కన నిలబడి అందరినీ చూస్తున్నాను. స్తంభం దగ్గర సిద్ధమ్మ కనిపించింది. కుడిచేతిలో పోసిన బియ్యం వేళ్ల సందుల్లోంచి రాలిపోతున్నాయి. ఆ చెయ్యిని ఎడమచేత్తో కింద నుంచి పట్టి లేపాలని చూసింది. ఛాతీ వరకు వచ్చి ఆగిపోయింది. మిగిలిన గింజలను ఎడమచేతిలోకి ఒంపుకుంది. ఆ చెయ్యి బాగుంది, దానికి ఏ జబ్బూ లేదు, ఎంత పైకైనా లేస్తుంది. పిడికిలి బిగించి, అట్లాగే నిలబడింది.

జనాన్ని తోసుకుని ఆమె దగ్గరకు పోయాను.

“ఎడంచేత్తో వెయ్యి సిద్ధమ్మా,” అన్నాను. “నేను చెప్తా ఉండా గదా, వెయ్యి. నా బిడ్డే గదా.”

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బతికిపోయేవాణ్ని. పిడికిట్లో ఉన్న గింజలు తల్లి కుడిచేతిలో పోసి, ఎడమచెయ్యి కూడా కొంగు కింద పెట్టుకుంది.

“వద్దులే అన్నా,” అంది. “ఎవురన్నా సూస్తారు.”